స్టేషన్ ముందు సైకిల్ దారి

1990 ప్రాంతం. అప్పుడు నేను మున్సిపాలిటీలో ఓవర్‌సీర్‌ని. ఓవర్‌సీర్ అంటే ఇంజనీరు కింద, మేస్త్రీ పైన ఉండే మనిషి. రోడ్డు పాడైతే జనం తిట్టేది ఇతన్నే, బాగుంటే ఎవరూ తలుచుకోనిదీ ఇతన్నే. సిరిసిల్లలో మొదలుపెట్టి కోరుట్ల, జగిత్యాల మీదుగా నా సర్వీసంతా ఆ చుట్టుపక్కలే గడిచిపోయింది. ఇప్పుడు రాయబోయేది ఈ మూడింట్లో ఏ ఊళ్లో జరిగిందో చెప్పను. ఆ రోజుల్లో మూడు ఊళ్లూ ఒకే రకంగా బతికాయి కాబట్టి ఎక్కడైనా జరగగలిగిందే. పైగా అందులో ఉన్నవాళ్లు ఇంకా అక్కడే తిరుగుతున్నారు.

ఊరికంతటికీ ఒకటే పెద్ద రోడ్డు. బస్టాండు, మార్కెట్ యార్డు, బీడీ కార్ఖానా, ఆడపిల్లల హైస్కూలు అన్నీ దాని మీదే. పోలీస్ స్టేషనూ దాని మీదే. ఎక్కడో ఒక స్టేషన్ మీద అన్నలు, అంటే నక్సలైట్లు, దాడి చేశారని కబురు వచ్చాక మా స్టేషన్ ముందు ఇసుక బస్తాలు లేచాయి. తర్వాత వాటి ముందు ఇసుక నింపిన తారు డ్రమ్ములు వచ్చాయి. ఆ డ్రమ్ములు మావే. రోడ్డు వేశాక మిగిలిన ఖాళీ డ్రమ్ములు కావాలని అడిగి మరీ పట్టుకుపోయారు. డ్రమ్ముల తర్వాత ముళ్లకంచె. చూస్తుండగానే రోడ్డులో సగం స్టేషన్ కడుపులోకి పోయింది.

బండ్లు నడిచే తారు భాగాన్ని మా వృత్తిలో క్యారేజ్‌వే అంటాం. దాని అంచున ఉండే మట్టి జాగా బెర్మ్. ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకోవడానికి పనికొచ్చేది అదే. మా రోడ్డుకి స్టేషన్ వైపు బెర్మ్ డ్రమ్ముల కింద పోయింది. అవతలి వైపు సన్నటి బెర్మ్, దాన్ని ఆనుకుని మూత లేని మోరీ, అంటే మురుగు కాలువ. మధ్యలో మిగిలిన తారు మీదే పసుపు బస్తాల లారీలు, ఆర్టీసీ బస్సులు, ఎడ్లబండ్లు, రిక్షాలు, నెత్తిన బీడీల గంపలు పెట్టుకున్న ఆడవాళ్లు. అందరికంటే ఎక్కువగా సైకిళ్లు. ఆ రోజుల్లో ఊరు నడిచిందే సైకిళ్ల మీద.

ఇది చాలదన్నట్టు ఒక రూలు. స్టేషన్ హద్దులో ఎవరూ సైకిల్ తొక్కకూడదు, దిగి నడిపించుకుంటూ పోవాలి. చేతులు కనపడాలి. సెంట్రీ, అంటే ఇసుక బస్తాల వెనక తుపాకీతో నిలబడ్డ కానిస్టేబుల్, కేకేస్తే ఎక్కడివాడక్కడ ఆగి రెండు చేతులూ పైకెత్తాలి. ఇందులో ఉన్న తిరకాసు పోలీసులకి తెలియదు, నాకు తెలుసు. సైకిల్ తొక్కేవాడికి ఒక మనిషి పట్టేంత జాగా చాలు. దిగి నడిపించేవాడికి తనకొకటి, సైకిల్‌కొకటి, రెండింతల జాగా కావాలి. రోడ్డు సగమైన చోటే మనుషుల్ని రెండింతలు చేశారన్నమాట. లారీకీ మోరీకీ మధ్య జనం అడకత్తెరలో పోకచెక్కలై నడిచేవాళ్లు.

యూసుఫ్ మియా అలాంటి రోజుల్లోనే మా ఆఫీసుకి వచ్చాడు. బస్టాండు దగ్గర అతనికి సైకిల్ టాక్సీ ఉండేది, అంటే గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. అతని కూతురు షహనాజ్ పదో తరగతి. ఇల్లు ఊరికి ఈ చివర, హైస్కూలు ఆ చివర, మధ్యలో స్టేషన్. వాళ్ల గల్లీలో సైకిల్ మీద బడికి పోయిన మొదటి ఆడపిల్ల ఆమే. చుట్టాలు నోళ్లు నొక్కుకున్నా యూసుఫ్ లెక్కచేయలేదు. కానీ ముందురోజు స్టేషన్ దగ్గర లారీ రాసుకుపోయి ఆ పిల్ల బెర్మ్ మీద పడింది. మోచేయి చీరుకుపోయింది. ఇంట్లో తల్లి బడి మాన్పిస్తానని పట్టుబట్టింది.

“ఓవర్‌సీర్ సాబ్, గీ సడక్ మీద నా బిడ్డ పానంతోని బడికి పోవాలంటె ఏం జెయ్యాలె, మీరే చెప్పుండ్రి” అన్నాడు.

“డ్రమ్ములు జరపమని ఎస్సైని అడగాలె యూసుఫ్ భాయ్. నన్నడిగితె ఏమొస్తది?”

“గాయిన్ని అడిగేటంత దమ్ము నాకు లేదు. మీకుంటదేమోనని అచ్చిన.”

నాకూ లేదని చెప్పడానికి సిగ్గేసింది. టేపు పట్టుకుని అతని వెంట బయల్దేరాను.

కొలతలు తీస్తుంటే ఉపాయం తట్టింది. డ్రమ్ముల్ని కదిలించలేం, లారీల్ని సన్నం చేయలేం. మిగిలింది మోరీ. దాని మీద షాబాద్ బండలు పరిచి, పక్కనున్న బెర్మ్‌ని కూడా కలిపేసి, తారుకీ బండలకీ మధ్య అడ్డంగా రాళ్లు పాతితే, లారీలు ఎక్కలేని ఒక పట్టీ తయారవుతుంది. సైకిళ్లన్నీ దాని మీద పోతాయి. ఇప్పుడు పట్నాల్లో సైకిల్ లేన్ అంటున్నారు, రంగులు వేసి రిబ్బన్లు కత్తిరిస్తున్నారు. మాకా పేరు కూడా తెలియదు. ఎస్టిమేట్‌లో “మురుగు కాలువకు మూత” అని రాశాను, కమిషనర్ మారు మాట్లాడకుండా సంతకం చేశాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఒప్పుకోవాలి కదా. ఎస్సై దగ్గరికి వెళ్లాను. కోస్తా నుంచి వచ్చినవాడు, నా వయసువాడే, కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. నా కాగితం మీద గీసిన బొమ్మని తిప్పి తిప్పి చూశాడు.

“సైకిళ్లు అవతలి పక్కకి పోతే నాకూ మంచిదేనండీ, స్టేషన్‌కి కాస్త దూరంగా ఉంటాయి. కానీ దిగి నడవడం మాత్రం మానకూడదు.”

“దిగితె జాగ సరిపోదు సార్. తొక్కనిస్తేనే ఈ దారి పనికొస్తది.”

“జాగా మీ లెక్క. నా స్టేషన్‌లో వాళ్ల ప్రాణాలు నా లెక్క.”

“బయట నడిచేటోళ్ల పానాలు ఎవరి లెక్క సార్?”

నా నోటిదురుసు గురించి మా ఆవిడ ఎప్పుడూ హెచ్చరించేది. ఆ రోజు మాత్రం అదే పనికొచ్చింది. ఎస్సై నా కాగితం మడిచి తిరిగి ఇచ్చేస్తూ, “సరే, బండల మీద తొక్కనివ్వండి. ఎవడైనా ఆగితే మాత్రం ఊరుకోను” అన్నాడు.

పని మొదలుపెట్టిన నాడు మేస్త్రీ ఎల్లయ్య గడ్డపార కింద పెట్టి కూర్చున్నాడు. “ఠాణా ముందర భూమి తవ్వుడా సారూ? ఏం పాతిపెడుతున్నవని కాల్చరా? నాకు పెండ్లాం పిల్లలున్నరు” అన్నాడు. అతని మాట కాదనలేం. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, వాళ్లు తవ్వినంతసేపూ నేను పక్కన కుర్చీ వేసుకుని స్టేషన్‌కి కనపడేలా కూర్చోవాలి. ఎండలో గొడుగు పట్టుకుని పెళ్లిపందిట్లో అలిగిన అల్లుడిలా కూర్చున్నాను. అటు పోయేవాళ్లు నవ్వుకుంటూ పోయారు. ఆ నవ్వులు బాగానే ఉన్నాయి గానీ, టీ హోటల్ దగ్గర ఎన్నడూ చూడని మనిషొకడు పక్కన నిలబడి, “ఠాణాకు గోడ కడుతున్నవంట గద సారూ?” అన్నాడు.

“గోడ గాదు. సైకిళ్లకు బాట.”

“అట్లనా. మంచిదే” అని వెళ్లిపోయాడు. అంతే. అన్నలు అడిగించారో, పోలీసులే నా మనసులో ఏముందో తెలుసుకోవడానికి పంపారో ఈ రోజుకీ తెలియదు. ఆ కాలంలో సర్కారు నౌకరీ అంటే అదే. రెండు వైపులా సంజాయిషీ ఇచ్చుకోవాలి, ఏ వైపూ నమ్మదు.

బండలు మట్టంగా కూర్చోవాలని బెర్మ్‌ని మోరీ అంచుదాకా కోసేశాం. దారి తయారైంది. మొదట్లో జనం దాని మీద కూడా దిగే నడిచారు, భయం అలవాటైపోయింది కాబట్టి. మొట్టమొదట తొక్కినవాళ్లలో షహనాజ్ ఒకతె. ఆ పిల్ల గంట కొట్టుకుంటూ సాఫీగా దాటిపోవడం చూసి వెనక ఇంకో అమ్మాయి ఎక్కింది, ఆ వెనక బీడీ కార్ఖానా గుమాస్తా ఎక్కాడు. కొద్దిరోజుల్లోనే పొద్దున్నపూట ఆ పట్టీ మీద సైకిళ్లు బారులు తీరాయి. సైకిళ్లు తప్పుకోవడంతో తారు మీద లారీలు, బస్సులు కూడా తొందరగా కదిలాయి. ఒకరోజు షహనాజ్ నన్ను చూసి బ్రేకు వేయబోయి, ఆగకూడదని గుర్తొచ్చి, తొక్కుతూనే అరిచింది: “సార్, నీ బండలు మస్తున్నయ్!” ఇన్నేళ్ల సర్వీసులో నాకు దక్కిన సన్మానం అదొక్కటే. నిజంగానే పొంగిపోయాను.

ఆ సంతోషం చలికాలం దాకా కూడా నిలవలేదు. జిల్లాలో ఎక్కడో ఒక కల్వర్టు కింద మందుపాతర పెట్టి పోలీసుల జీపు పేల్చేశారు. కల్వర్టు అంటే రోడ్డు కింద నీళ్లు పోయే చిన్న తూము. మర్నాడు ఎస్సై తనే మా ఆఫీసుకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఆ బండలు తీయించండి.”

“అది కల్వర్టు గాదు సార్, ఉత్త మోరీ.”

“పైన మూత ఉందా లేదా? కింద ఖాళీ ఉందా లేదా? నా స్టేషన్‌కి ఎదురుగా ఉందా లేదా?” “ఆ జీపులో ఉన్నవాడూ నేనూ ఒకే గదిలో ఉండి ట్రైనింగ్ అయ్యామండీ. నిన్న వాళ్లమ్మకి నేనే చెప్పాను.”

అతని కళ్లతో చూస్తే నేను కట్టింది సైకిళ్ల దారి కాదు, మందుపాతరకి తయారుగా ఉన్న గూడు. అతన్ని తిట్టుకోవాలని ఎంత ప్రయత్నించినా నాకు చేతకాలేదు. బండలకు బదులు ఇనుప జాలీలు వేయిస్తాను, కింద ఏముందో పైనుంచి కనపడుతుంది, అప్పటిదాకా బండలు ఉంచండని బతిమాలాను. జాలీలు వేయించుకోండి, బండలు మాత్రం ఈ రోజే పోవాలన్నాడు. సాయంత్రంలోపు కానిస్టేబుళ్లే నిలబడి ఎల్లయ్య మనుషుల చేత బండల్నీ, అడ్డంగా పాతిన రాళ్లనీ లేపించేశారు. జాలీల కోసం నేను పంపిన ఎస్టిమేట్ కరీంనగర్‌లో పెద్దాఫీసుకి పోయింది, అక్కడి నుంచి తిరిగి రాలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా రోడ్డుకి సరిగ్గా అదే జరిగింది. వెనకటికి సన్నటి మట్టి అంచైనా ఉండేది. దాన్ని కోసేశాం. మట్టి తెచ్చి మళ్లీ పోయిద్దామంటే స్టేషన్ ముందు కొత్త మట్టి కనపడకూడదన్నారు. ఇప్పుడు తారు ఎక్కడ ఆగిందో అక్కడే మోరీ మొదలైంది. దిగి నడవాలన్న రూలు మళ్లీ వచ్చింది.

యూసుఫ్ మళ్లీ వచ్చాడు. ఈసారి అడగడానికి కాదు, చెప్పడానికి.

“పదోది అయ్యేదాక నేనే ఠాణా దాటిస్త సాబ్. బిడ్డను మోరి దిక్కు నడిపిస్త, నేను లారీల దిక్కు సైకిల్ పట్టుకొని నడుస్త. దాటినంక అది తొక్కుకుంట పోతది, నేను దుకాణంకు మల్లొస్త.”

“రోజూ పొద్దుగాల దుకాణం బంద్ పెడతవా భాయ్?”

“దుకాణం ఎటు పోతది సాబ్? పరీచ్చలైనంక తెరుసుకుంట.” పోబోతూ, “మా ఇంటామె ఒక్క మాట మీద ఒప్పుకున్నది. నేను పక్కన ఉన్నన్ని రోజులే బడి” అన్నాడు.

ఇక జరిగినదాన్ని చూసినవాళ్లు చెప్పినట్టే రాస్తాను. నేను చేరేసరికి లారీ ఆగిపోయి ఉంది.

చలి ఎక్కువగా ఉన్న పొద్దు. యూసుఫ్ తల చుట్టూ శాలువా కప్పుకున్నాడు. ఆ సెంట్రీ ఊరికి కొత్త, రాయలసీమ నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాడు. మొహాలు తెలియవు. పాత సెంట్రీలందరికీ తండ్రీకూతుళ్లు తెలుసు, చూసి తల తిప్పుకునేవాళ్లు. ఇతనికి కనపడింది ముసుగు వేసుకున్న మనిషి, సైకిల్ మీద బరువైన సంచీ. అందులో ఉన్నవి షహనాజ్ పుస్తకాలని అతనికి తెలియదు. “ఏయ్! ఆగు! చేతులు!” అని అరిచాడు. సరిగ్గా అప్పుడే వాళ్ల పక్కనుంచి లారీ దాటుతోంది.

యూసుఫ్ చేతులెత్తాడు. రెండూ ఎత్తాడు. మా ఊరివాళ్లు ఎవరైనా అదే చేసేవాళ్లు, అంతగా నేర్పారు మాకు. వదిలేసిన సైకిల్ లారీ వైపు వాలింది. లారీ కొక్కేనికి హ్యాండిల్ తగులుకుంది. సైకిల్ అతని కాళ్లకి అడ్డంపడి లాగింది. అతను వెనక చక్రం ముందు పడ్డాడు. చేతులు పైకే ఉన్నాయని టీ హోటల్ అతను చెప్పాడు, ఏదీ పట్టుకోలేదట. షహనాజ్ మోరీలో పడి బతికింది.

ఇసుక బస్తాల వెనక ఆ సెంట్రీ నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, “నేను చేతులెత్తమంటి, అంతే సార్. అంతే అంటి” అని ఏడ్చాడు. ఎస్సై డ్రమ్ముకి ఆనుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు, నేనూ అతని వైపు చూడలేదు. కేసు లారీ డ్రైవర్ మీద రాశారు, అతివేగం అని. ఆ సందులో లారీ మనిషి నడకని మించి పోలేదని అక్కడున్న అందరికీ తెలుసు. డ్రైవర్ ఏమీ అనలేదు. అనేవాడు ఆ రోజుల్లో ఎవడున్నాడు?

నీ తప్పేమీ లేదని ఆఫీసులో అందరూ నన్ను ఓదార్చారు. నిజమే, నా తప్పు లేదు. ఎస్సై తప్పు కూడా కాదేమో. ఆ కుర్రాడు అందరికంటే ఎక్కువ భయపడ్డవాడు. ఎవరినీ పట్టుకుని నిలదీయడానికి లేకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది. తప్పు ఒకరిదైతే దిద్దుకోవచ్చు. ఇది దిద్దుబాటు లేని చావు.

నాలుగు రోజులాగి వాళ్లింటికి వెళ్లాను. ఒక్కటే గది, తలుపుకి పరదా. దాని వెనక తల్లి. షహనాజ్ అరుగు మీద కూర్చుని ఉంది, మోచేతులకి కట్లు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదమ్మా అన్నాను. అనకూడని మాట.

పరదా వెనక నుంచి తల్లి గొంతు వచ్చింది. “గాయిన పక్కన ఉన్నన్ని రోజులే బడి అన్న సాబ్. గాయిన లేడు. ఇగ నా బిడ్డను ఆ సడక్ ఎక్కనియ్య.”

“వేరే తొవ్వ ఏదన్న చూద్దామమ్మా” అన్నాను.

“ఒక తొవ్వ మీరు చూసిండ్రు గద సాబ్.” ఆమె కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

షహనాజ్ తలెత్తింది. “సార్, నేనొకటి అడుగుత, నిజం చెప్పుండ్రి. మా అబ్బా చేతులెత్తకపోతె బతుకుతుండెనా?”

ఎత్తకపోతే సైకిల్ పడేది కాదు, లారీ దాటిపోయేది. ఎత్తకపోతే ఆ కుర్రాడు తుపాకీ పేల్చేవాడు కూడా కావచ్చు. అప్పుడు పక్కనే ఉన్న ఈ పిల్ల? ఆ పిల్ల నా మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఏడు పదో తరగతి పరీక్ష రాయలేదు, ఆ తర్వాత కూడా రాయలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు కొందరు ఇప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. పట్నం రోడ్లలో సైకిళ్లకి దారి ఎలా విడదీయాలి, రద్దీ ఎలా తగ్గించాలి అని అడుగుతారు. బండలెలా పరచాలో, అడ్డంగా రాళ్లెలా పాతాలో చెప్తాను. అదంతా వచ్చిన విద్యే. రానిది చెప్పలేను. లారీ వెడల్పు, సైకిల్ వెడల్పు, మోరీ లోతు అన్నీ కొలిచాను నేను, ఒక్క అంగుళం తప్పు పోలేదు. సైకిల్ నడిపే మనిషికి రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండాలి. ఆ రెండు చేతులూ ఎప్పుడు పైకెత్తమంటారోనని భయపడుతూ బతికే ఊళ్లో ఎవరు ఏం కట్టినా, అది సైకిల్ దారి కాదు.